ముగ్గు పడని చోటు

జోజిబాబు ముగ్గుపిండి సంచి బండికి తగిలించుకుని పొలాల మధ్య దొంక బాట వెంట తిరుగుతుంటే రైతులకు నవ్వులాటగా ఉండేది. తిరువూరు శివారున ఉన్న క్రైస్తవ పేటకు ఇన్నాళ్ళకు మంచినీళ్ళ పైపు వేస్తున్నారు. ఆ పని పట్టిన కాంట్రాక్టరు దగ్గర జోజిబాబు సూపర్‌వైజరు. ఆ పేటలోనే పుట్టి, పాలిటెక్నిక్ చదివి, సొంత మనుషులకు నీళ్ళు తెచ్చే పని దొరికిందని పొంగిపోతున్నవాడు. పైపు పోయే దొంకకు అటూ ఇటూ ఉన్న రైతుల్ని ఒక్కొక్కరినే పట్టుకుని, "నేల కింద మీ పైపులున్నా, కరెంటు తీగలున్నా ఆ పైన ఓ గీత గీయండి చాలు. కాగితాలొద్దు, సంతకాలొద్దు. తవ్వేవాళ్ళు మన మనుషులేనండి" అని బతిమాలేవాడు.

"ముగ్గులెయ్యడానికి మేం ఆడాళ్ళమా ఏంటి?" అని కొందరు వేళాకోళం చేశారు. దొంకలోకి జరిగి కంచె పాతుకున్న పెద్దమనుషులు, ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని, తమ పైపు మీద గీయాల్సిన గీతను బారెడు ఇవతల గీశారు. ఎలాగైతేనేం, మొత్తానికి అందరూ గీశారు. దొంక పొడుగునా తెల్లచారలు పడ్డాయి. సీతారామారావు మామిడితోట పక్కన మాత్రం నేల ఎర్రగానే మిగిలిపోయింది.

జోజిబాబు ఆయన దగ్గరికి వెళ్ళిన పూట ప్రేమావతి అక్కడే ఉంది. ఆ ఇంట్లో ఊడ్చి తుడవడం ఆమె పని. ఆ తోటలో పాదులు చెయ్యడం నుంచి కాయ కొయ్యడం దాకా ఆమె మొగుడు శాంతయ్య పని. పెళ్ళయి పేటకు వచ్చిన నాటి నుంచీ ఆమె ఎరిగిన బతుకు అదే. చీపురు పట్టుకుని వరండా మూల నిలబడి ఆ మాటలన్నీ విన్నది.

"దొంకలో మాదేం లేదయ్యా," అన్నాడు సీతారామారావు పడకకుర్చీలోంచి లేవకుండానే.

"మీ బోరు తీగ భూమిలోనే వేశారంట కదండీ?"

"వేశాం. అది తోట లోపల్నించి పోయింది. దొంకతో దానికేం పని? ఒక్క మాట మాత్రం చెప్తున్నా విను. మీ మిషను నా తోట పక్కకి రాకూడదు. పిందె కొమ్మలు దొంక మీదకి వాలి ఉన్నాయి. ఒక్క కొమ్మ విరిగినా ఊరుకోను. అక్కడ మనుషుల్ని పెట్టి తవ్వించు. గురువారం పెట్టుకో, నేనూ దగ్గరుంటాను."

జోజిబాబు వెళ్ళబోయి ఆగాడు. "పోనీ, తోటలో ఎటు పోయిందో చూపిస్తే ఫోటో తీసుకుంటానండి. మా వాళ్ళకి చూపించడానికి."

"మీ వాళ్ళకి చూపించడానికా?" సీతారామారావు నవ్వాడు. "లేదని చెప్తే వినపళ్ళేదా? వెళ్ళు, వెళ్ళు."

ఆ నవ్వు ప్రేమావతికి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదని ఎవరైనా అప్పుడు అడిగి ఉంటే చెప్పలేకపోయేది.

ఆ తీగకో కథ ఉంది. బోర్ల దగ్గర రాగి తీగ కోసుకుపోయే దొంగల బెడద ఎ.కొండూరు దాకా ఉన్నదే. సీతారామారావు తోటలో రెండుసార్లు పోయింది. రెండోసారి పోయినప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని, "బయటివాడికి ఇంత తెలియదురా శాంతయ్యా. మన లోగుట్టు తెలిసినవాడెవడో చెప్తున్నాడు" అన్నాడు. "అవునయ్యా, ఎవడో తెలిసినవాడే" అని శాంతయ్య వంత పాడాడు. పిచ్చి మారాజు! ఆ తెలిసినవాళ్ళలో తననూ కలిపారేమోనన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాలేదు. ఆ మాటకొస్తే ప్రేమావతికీ రాలేదు. ఆయన్ని పట్టుకుని ఎవరంటారు ఆ మాట? అయ్యగారి తోటలో రాలిన కాయను కూడా ఇంటికి తీసుకురాని మనిషి.

కొన్నాళ్ళకు మోటారు మళ్ళీ నడిచింది, పైన తీగ మాత్రం కనిపించలేదు. భూమిలో వేశారని అందరూ అనుకున్నారు. స్టార్టరు పెట్టె దగ్గర నిలబడి బోరు వైపు చూస్తే తోట మధ్య సాళ్ళలోంచే తిన్నగా దారి. అందుకని శాంతయ్య ఆ నడిమి సాళ్ళలో గునపం దించడం మానేశాడు. చెట్ల మొదళ్ళలో గొంతుక్కూర్చుని చేతులతో మట్టి తీసి పాదులు చేసేవాడు. నడుము పట్టేసి ఇంటికి వస్తే ప్రేమావతి కాపడం పెట్టేది. "గునపం వాడితే ఏమవుద్ది?" అని విసుక్కునేది. "అయ్యగారి తీగ తెగుద్దేమోనే" అనేవాడు. ఒకరు చెప్పకుండానే తనంతట తాను తీగను కాపాడుతున్నందుకు ఆయనకు అదో గొప్ప.

గురువారం అనుకున్న పని బుధవారమే తోట దగ్గరికి వచ్చేసింది. పక్క పొలాల్లో నేల మెత్తగా ఉండి మిషను చకచకా సాగిపోయింది. సీతారామారావు మామిడికాయ బేరం మాట్లాడటానికి విస్సన్నపేట వెళ్ళి ఉన్నాడు. తోట పక్క మనుషులతో తవ్వించాలి గనక జోజిబాబు పేటకు వచ్చి మనుషుల్ని పిలిచాడు. మన పేటకు నీళ్ళొచ్చే కాలవ కదా అని శాంతయ్య పిలవకుండానే బయల్దేరాడు.

ఆ వేళకు ప్రేమావతి అయ్యగారి పెరట్లో అంట్లు తోముతోంది. అయ్యగారి భార్య సరోజినీదేవి డాబా మీద బట్టలారేస్తూ దొంక వైపు చూసి గబగబా మెట్లు దిగింది. వచ్చీరాగానే ఫోను అందుకుంది.

"ఏవండీ, వాళ్ళు మన తోట దగ్గరికి వచ్చేశారండీ. ఇవాళే తవ్వుతున్నారు. ఆఁ, మనుషులే. వెళ్ళి చెప్పమంటారా?" కాసేపు విన్నది. "మీరొచ్చేలోగా ఏమన్నా అయితేనో?" మళ్ళీ విన్నది. చివరికి "సరే" అని పెట్టేసింది.

పెట్టేసి, కాఫీ కలిపి తెచ్చి ప్రేమావతికి ఇచ్చింది. ఆ వేళప్పుడు పనిమనిషికి కాఫీ ఇవ్వడం ఆ ఇంట్లో లేదు. గ్లాసు అందించి ఆవిడ పెరటి మెట్టు మీద చతికిలబడింది.

"ఒంట్లో బాగోలేదా అమ్మగారూ?"

"ఎండకి," అంది ఆవిడ.

ఎండట! ఆ పెరట్లోంచి కేకేస్తే దొంకలోకి వినపడుతుంది. కాఫీ కలిపినంత సేపట్లో ఓ మనిషి అక్కడికి వెళ్ళి, ఆగండని చెప్పి, తిరిగి రావచ్చు. ఈ లెక్క ప్రేమావతి తర్వాత వేసుకుంది. అప్పుడు మాత్రం, అమ్మగారికి ఇవాళ ఇంత దయ ఎలా కలిగిందా అనుకుంటూ ఆ కాఫీ ఊదుకుని తాగింది. తాగినందుకు తన్ను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో ఆమెకే తెలియదు.

గ్లాసు కడుగుతుండగా దొంక వైపు నుంచి అరుపులు వినపడ్డాయి.

ఆమె పరుగెత్తుకు వెళ్ళేసరికి శాంతయ్యను కాలవలోంచి తీసి కంచె పక్కన పడుకోబెట్టారు. మోటారు నడిచే వేళ, త్రీఫేజు కరెంటున్న వేళ, తడిమట్టిలో నిలబడి ఆయన దించిన గునపం నేరుగా తీగలో దిగింది. పక్కన తవ్వుతున్న జోజప్ప ఎండుకర్రతో కొట్టి విడిపించాడు గనక ప్రాణం దక్కింది. కుడిచెయ్యి చూడలేక ప్రేమావతి దాని మీద కొంగు కప్పింది. కాలవలో తీగ తెగి కనపడుతోంది. దాని మీద ఇటుక లేదు, చుట్టూ గొట్టం లేదు, ఏ గుర్తూ లేదు. తోటలోంచి తిన్నగా పోవాల్సిన తీగ దొంకలోకి వచ్చి, కంచె వెంట చుట్టు తిరిగి బోరుకు పోయింది. దొంగలు తిన్నటి దారిలో తవ్వి వెతుక్కోవాలని అయ్యగారు దాన్ని వంకర దారి పట్టించాడన్నమాట.

"రెండుసార్లు అడిగాను పిన్నీ. లేదన్నాడు పిన్నీ," అంటూ జోజిబాబు పిల్లాడిలా ఏడ్చాడు.

తిరువూరు ఆసుపత్రిలో కట్టు కట్టి విజయవాడ పంపించారు. అక్కడ కుడిచేతిని మోచేతి దాకా తీసేశారు.

శాంతయ్యకు తెలివి వచ్చి నాలుగు మాటలు మాట్లాడుతున్నాడని తెలిసి సీతారామారావు, సరోజినీదేవి ఆపిల్ పళ్ళు పట్టుకుని వచ్చారు. వాళ్ళ వెనకే వాంగ్మూలం రాసుకోవడానికి పోలీసాయన వచ్చాడు. ఆడవాళ్ళను వరండాలో కూర్చోమన్నారు. బల్ల మీద ఆ చివర సరోజినీదేవి, ఈ చివర ప్రేమావతి.

"అమ్మగారూ, ఆ రోజు ఫోన్లో వెళ్ళి చెప్పమంటారా అని అడిగారే. ఏం చెప్పాలని?"

సరోజినీదేవి గాజులు సవరించుకుంది. "నన్నడక్కే ప్రేమావతీ."

"మిమ్మల్ని కాక ఎవర్ని అడగను? నా మొగుడి చెయ్యి పోయింది. ఇంకెప్పుడడగను?"

ఆవిడ గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ తీగని ఓ ఆదివారం పొద్దున మీ పేటంతా ప్రార్థనకెళ్ళిన వేళ చూసి మేమిద్దరమే పూడ్చాం. ఆయన తవ్వారు, నేను మట్టి లాగాను. ఆనవాలు లేకుండా పైన ట్రాక్టరు తిప్పారు. పేటవాళ్ళెవరికీ తెలియకూడదన్నారు."

జన్మలో గునపం పట్టని మనిషి! కూలీని పిలిస్తే పేటకు తెలిసిపోతుందని తనే చేతులు బొబ్బలెక్కేలా తవ్వుకున్నాడు. ప్రేమావతికి నవ్వు కూడా వచ్చేదేమో, ఇంకో చోటైతే.

"మా ఆయనక్కూడా తెలియకూడదన్నారా?"

సరోజినీదేవి కళ్ళు తుడుచుకుంది. "ముందు శాంతయ్యకే తెలియకూడదన్నారే."

అన్నాళ్ళు ఆ ఇంటి గడప కడిగిన చేతులు, ఆ తోటకు నీళ్ళు పెట్టిన చేతులు, అన్నీ దొంగ చేతులేనన్నమాట. ఆమె లేచి, ఎవరు ఆపుతున్నా వినకుండా గదిలోకి వెళ్ళింది.

సీతారామారావు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని శాంతయ్య ఎడమచెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి. అది దొంగేడుపు అనడానికి లేదు, నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూనే తన పని తాను చక్కబెట్టుకుంటున్నాడు.

"ఒరే శాంతయ్యా, తీగ దొంక పక్కగా వేశానని నీకు చెప్పకుండా ఇంకెవరికి చెప్తానురా? నువ్వు ఇంటిమనిషివి. ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పు."

శాంతయ్య అయ్యగారి మొహంలోకి చూశాడు. ప్రేమావతి తన మొగుడి మొహం చూసింది. మొదట ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఎప్పుడు చెప్పారా అని నిజంగానే వెతుక్కున్నాడు. అలాంటి మాట ఏదీ దొరకలేదు. దొరకలేదని తెలిసిన క్షణంలోనే, ఎందుకు చెప్పలేదో కూడా ఆయనకు తెలిసిపోయింది. ఆ మొహం అంతగా వాడిపోవడం చెయ్యి తీసేసిన రోజున కూడా ఆమె చూడలేదు. అంతలోనే ఆయన ఏదో నిర్ణయించుకున్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"చెప్పారండి," అన్నాడు పోలీసాయనతో. "అయ్యగారు నాకొక్కడికే చెప్పారు. నేనే మర్చిపోయాను."

నాకొక్కడికే అన్న ముక్క అయ్యగారు అడిగింది కాదు. తనంతట తానే కలిపాడు.

ప్రేమావతి నోరు తెరిచింది. శాంతయ్య ఆమె వైపు చూశాడు. కాపురంలో ఆయన ఆమెను బతిమాలిన సందర్భాలు తక్కువ. ఆ చూపు బతిమాలడమే. నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. పాస్టరుగారి దగ్గర పట్టుదలగా సంతకం నేర్చుకున్న మనిషి, ఆ కాగితం మీద ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు.

ఆ ముద్ర పడ్డాక కాంట్రాక్టరు జోజిబాబును పనిలోంచి తీసేశాడు. నీ కూలీకి తెలిసిన సంగతి నీకెలా తెలియలేదు, నువ్వేం సూపర్‌వైజరువి అన్నాడట. ఇంకెవరో వచ్చి మిగిలిన కాలవ తవ్వించారు. పైపు పడింది, పేటకు నీళ్ళు వచ్చాయి. ప్రేమావతీ బిందె పట్టుకుని వెళ్ళి ఆ నీళ్ళే తెచ్చుకుంది. తాగకపోతే గడవదు.

శాంతయ్య ఇంటికి చేరిన వారానికి జోజిబాబు వచ్చాడు. వెంట జోజప్ప, ఆ రోజు తవ్విన ఇంకొందరు వచ్చారు. మంచం మీద శాంతయ్య, గడప దగ్గర ప్రేమావతి.

"ఎలా ఉంది బాబాయ్?" అని పలకరించాడు జోజిబాబు. "ఆ రోజు కాలవలో దిగే ముందు మీ అందర్నీ నిలబెట్టి అడిగాను. ఇక్కడ కింద ఏమన్నా ఉందని తెలిస్తే చెప్పండని. నీకు తెలిసుండి ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"మర్చిపోయానురా."

"నీ పక్కన నేనున్నా శాంతన్నా," అన్నాడు జోజప్ప. "నా గునపం ముందు దిగుంటే? నా పిల్లల గతేంటి? నీకు తెలిసే మమ్మల్ని దింపావా?"

శాంతయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ప్రాణం నిలిపినవాడు ఎదురుగా కూర్చుని అడుగుతున్నా తిరిగి చూడలేదు. ప్రేమావతికి ఇక పట్టలేదు.

"ఆయనకి తెలియదు!" అని అరిచింది. "ఎవరూ చెప్పలేదు ఆయనకి. మనం ప్రార్థనకెళ్ళిన వేళ చూసి మొగుడూపెళ్ళాం పూడ్చుకున్నారు, మనలో ఎవడు చూసినా కోసుకుపోతాడని. ముందు శాంతయ్యకే తెలియకూడదని అనుకున్నారంట. అమ్మగారు నాతో చెప్పింది, నా ఈ చెవులతో విన్నా. ఈయన్ని దొంగల్లో జమకట్టారు, తెలుసా? చెట్ల మొదళ్ళలో గోళ్ళతో మట్టి తవ్విన మనిషిని!"

జోజిబాబు మంచం దగ్గరకు వచ్చి వంగాడు. "నిజమేనా బాబాయ్? ఒక్క మాట చెప్పు. స్టేషనుకి నేను తీసుకెళ్తా. నా ఉద్యోగం సంగతి వదిలెయ్. ఆ మాట నీ నోటితో చెప్పు చాలు."

శాంతయ్య మొండిచేతిని దుప్పటి కిందకి లాక్కున్నాడు.

"దాని మాటలకేంగానీ, ఆసుపత్రిలో నిద్రల్లేక దానికి మతి చెదిరింది. అయ్యగారు నాకు చెప్పారు."

జోజప్ప తుండుగుడ్డ దులుపుకుని లేచాడు. మిగిలినవాళ్ళూ లేచారు. గుమ్మం దాటుతూ ఒకడు "మనవాడే మనల్ని చంపబోయాడు" అన్నది ప్రేమావతికి స్పష్టంగా వినపడింది. ఆమె చెప్పింది వాళ్ళు నమ్మలేదని కాదు. చెయ్యి పోగొట్టుకున్న మనిషే కాదంటుంటే నమ్మి ఏం చేసుకోవాలో వాళ్ళకు తోచలేదు. జోజిబాబు ఆఖరున వెళ్ళాడు. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

వాళ్ళు పోయాక ఆమె మొగుడి మీద విరుచుకుపడింది. "ఎవరి కోసమయ్యా ఈ అబద్ధం? చెయ్యి తీసుకున్నోడి కోసమా?"

"నా కోసమే," అన్నాడు శాంతయ్య. "నాకు చెప్పలేదంటే ఏంటే దానర్థం? బతుకంతా ఆ తోటలో పోశాను. ఇన్నాళ్ళు చూసీ చూసీ ఆయన కళ్ళకి నేను దొంగలాగా కనపడ్డానంటే, ఇంక నేను చేసిన చాకిరీ ఏంటి, నేనేంటి? మతిమరుపోణ్ణంటే పోయేదేముంది. అదన్నా ఉండనీ నాకు."

ప్రేమావతికి ఆయన మీద కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి. తను నిజం చెప్పి ఎవరికి మేలు చేసినట్టు? జోజిబాబుకు పోయిన ఉద్యోగం తిరిగి రాదు. మొగుడికి మిగిలిన కాస్త పరువునూ నలుగురి ముందు తనే బజారున పెట్టింది. అయినా చెప్పకుండా ఎలా ఉండడం? చెప్పకుండా ఉన్నవాళ్ళ వల్లే కదా ఇదంతా వచ్చింది.

కాయ కోతకు వచ్చే రోజుల్లో సీతారామారావు దగ్గర్నుంచి కబురు వచ్చింది. కొత్త తీగ వేయించాడట. శాంతయ్య ఇక పాదులు చెయ్యలేడు గనక, మోటారుకూ తీగకూ కాపలా ఉండమన్నాడు. ఆ కబురు విన్న శాంతయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. ఇన్నాళ్ళలో అంత హుషారుగా లేవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం అయ్యగారింటికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. తెల్లారగానే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేయించుకుని, గుండీలు పెట్టమని ప్రేమావతి ముందు నిలబడ్డాడు.

"చూశావా? నన్ను దొంగననుకుంటే తీగకి కాపలా పెడతారటే?"

ప్రేమావతి ఒక్కో గుండీ పెడుతోంది. వేలాడుతున్న చొక్కా కుడిచేతిని మడిచి పిన్నీసుతో భుజానికి తగిలించింది. ఆయన మొహం వైపు చూడకుండానే అడిగింది.

"ఈసారి తీగ ఎటునించి వేశారో చూపించారా?"

శాంతయ్య తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగి, దొంక వైపు చూస్తూ జవాబు చెప్పాడు.

"నేనడగలేదే. అడిగితే ఏమనుకుంటారో."